వారానికి ఒక కొత్త సంగతి



స్నాతకోత్సవ వేదిక ఎక్కినవాళ్ళు దేశం గురించి, ఉద్యోగాల గురించి, రాబోయే కాలం గురించి మాట్లాడటం ఆనవాయితీ. నేను ఇంటి గురించి మాట్లాడాలని వచ్చాను. చదువుకున్న మనిషి తన చదువును ఇంట్లోకి ఎట్లా తీసుకెళ్ళాలన్నది ఏ సిలబస్‌లోనూ ఉండదు. మన నెల్లూరు జిల్లాలో మాత్రం ఒకసారి అదే పాఠమైంది. ఆ పాఠం రాష్ట్రాన్నే కదిలించింది. మీలో చాలామంది పుట్టకముందు జరిగిన సంగతి కాబట్టి కొంచెం వివరంగా చెప్తాను.

1990ల మొదట్లో జిల్లాలో సంపూర్ణ అక్షరాస్యత ఉద్యమం నడిచింది. దానికి అక్షర దీపం అని పేరు. పగలంతా నాట్లు, కలుపుతీతలు, కోతలు. రాత్రి పిల్లలకు అన్నం పెట్టి, గిన్నెలు కడుక్కుని, ఆడవాళ్ళు పలక పట్టుకుని ఒకచోట చేరేవాళ్ళు. ఊళ్ళో కాస్త చదువుకున్న పిల్లలే వాళ్ళకు గురువులు. వాళ్ళ వాచకంలో సీతమ్మ కథ అని ఒక పాఠం ఉండేది. సారాకు బానిసైన మొగుడు, నలిగిపోయే ఇల్లాలు, కడుపు నిండని పిల్లలు. ఒక్కో అక్షరం కూడబలుక్కుంటూ ఆ కథ చదివిన ఆడవాళ్ళకు అది తమ ఇంటి కథేనని అర్థమైంది. కూలి డబ్బు ఎంత వస్తోంది, అందులో ఇంటికి ఎంత చేరుతోంది, మిగతాది ఏ కొట్టులో పోతోంది అని పక్కపక్కన కూర్చుని లెక్కలు వేసుకున్నారు. అంతవరకూ ఎవరి బాధ వాళ్ళ గోడల మధ్యే ఉండేది. ఆ రాత్రుల్లో మొదటిసారి ఆ బాధ అందరి ముందుకూ వచ్చింది.

కలిగిరి మండలం దూబగుంటలో వర్ధినేని రోశమ్మ, ఆమె వెంట ఊరి ఆడవాళ్ళు సారా కొట్టు మూయించారు. తర్వాతి వాచకంలో వాళ్ళ గెలుపే పాఠమై వచ్చింది. 'ఆడవాళ్ళు ఏకమైతే' అని ఆ పాఠం పేరు. అది చదివిన ఊళ్ళన్నీ మనమెందుకు చెయ్యలేమని లేచాయి. 1992లో జిల్లాలో సారా వేలం పాటలు జరగనివ్వకుండా ఆడవాళ్ళు అడ్డంపడ్డారు. అధికారులు వాయిదా వేసిన కొద్దీ వాళ్ళ పట్టు పెరిగింది. 1993 అక్టోబరు 1 నుంచి ఆంధ్రప్రదేశ్‌లో సారా నిషేధం అమల్లోకి వచ్చింది. 1995 జనవరిలో సంపూర్ణ మద్యనిషేధం వచ్చింది. ఆ నిషేధం ఎక్కువ కాలం నిలవలేదు, 1997లోనే సడలించారు. అయినా ఆ ఆడవాళ్ళు సాధించింది పోలేదని నా నమ్మకం. ఎందుకంటే ఆ పోరాటం వెనకాలే ఇంకొక పని మొదలైంది. సారాకు పోకుండా మిగిలిన డబ్బులోంచి రోజుకు ఒక రూపాయి పక్కన పెట్టడం. దాన్ని పొదుపు లక్ష్మి అన్నారు. నెలకు ముప్ఫై రూపాయలు. ఆ రూపాయి మీద కట్టిన సంఘాలు, వాటి పుస్తకాలు, వాటి తీర్మానాలు తర్వాత రాష్ట్రమంతా అల్లుకున్న డ్వాక్రా సంఘాలకు బాట వేశాయి. ఇక్కడ కూర్చున్న మీలో కొందరి పరీక్ష ఫీజు ఆ సంఘం అప్పుతోనే కట్టి ఉంటారు మీ అమ్మలు. ఇంటికి వెళ్ళాక అడిగి చూడండి.

ఆ ఆడవాళ్ళు ఉద్యమం చేద్దామని పలక పట్టలేదు. రాత్రికో ముక్క తెలుసుకున్నారు. తెలుసుకున్నది ఇంటికి తెచ్చారు, ఇంటి సంగతి మళ్ళీ బడికి తీసుకెళ్ళారు. అదొక అలవాటైంది. మీ చదువు వాళ్ళ చదువు కంటే ఎన్నో రెట్లు పెద్దది. మీ నుంచి నేను కోరేది మాత్రం అంత కూడా లేదు. వారానికి ఒక్కసారి, మీ ఇంటి గురించో, మీ ఊరి గురించో, మీ ముందున్న వస్తువు గురించో ఒక కొత్త సంగతి తెలుసుకోండి. దాన్ని ఇంట్లో అందరూ అన్నం తినే వేళ చెప్పండి. వాళ్ళకు తెలిసింది అడిగి వినండి.

ఇందుకు ఎక్కడికీ పోనక్కర్లేదు. మన తీరంలో ఆదివారమంటే చేపలు. పట్టపుపాలెం నుంచి గంప నెత్తిన పెట్టుకుని వీధిలోకి వచ్చే అమ్మను చూడండి. బేరం మొదలైతే ఆమె చేపను చేతికిచ్చి, "మొప్ప లేపి చూడు నాయనా, ఎరుపు పోయిందా? కన్ను లోపలికి పోయిందా? ఏలు పెట్టి నొక్కు, గుంట పడిందా?" అంటుంది. ఆ మూడు ప్రశ్నల్లో చేప తాజాదనం గురించి తెలుసుకోవాల్సిన ముఖ్యమైన సంగతులన్నీ ఉన్నాయి. మీలో జువాలజీ చదివినవాళ్ళు మొప్పల్లో రక్తనాళాల గురించి పది మార్కుల జవాబు రాసే ఉంటారు. అది ఆ గంప పక్కన కూర్చుని ఇంట్లో చిన్నవాళ్ళకు చెప్తే ఆ జవాబుకు ప్రాణం వస్తుంది.

ఇక పులుసు. నెల్లూరు చేపల పులుసు మట్టి చట్టిలో ఎందుకు కాస్తారు? చింతపండు పులుపు అల్యూమినియంతో కలిస్తే రుచి మారుతుంది, మట్టితో ఆ బాధ లేదు. చింతపులుసు, మామిడికాయ ముక్కలు వేస్తే నీచు వాసన ఎందుకు తగ్గుతుంది? ఆ వాసనకు కారణమైన అమైన్లు క్షార గుణం ఉన్నవి, పులుపులోని ఆమ్లం వాటిని పట్టేస్తుంది. ముక్కలు వేశాక గరిటె పెట్టకుండా చట్టిని రెండు చేతులా పట్టుకుని అటూ ఇటూ తిప్పడం ఎందుకంటే, ఉడికిన ముక్క విరిగిపోకుండా. ఇవాళ కాసిన పులుసు రేపు ఎందుకు ఎక్కువ రుచి? రాత్రంతా పులుపూ ఉప్పూ కారమూ ముక్కలోకి ఇంకుతాయి. కెమిస్ట్రీ చదివిన కొడుకు ఇది వంటింట్లో నిలబడి అమ్మతో మాట్లాడితే ఆమెకు ఎంత సంతోషమో ఊహించండి. ఇన్నేళ్ళుగా తాను చేతి అలవాటుగా చేస్తున్న పనిలో శాస్త్రం ఉందని తెలుస్తుంది. కొడుకు ఆమె పక్కన నిలబడి ఉల్లిపాయలు తరిగితే ఆ సంతోషం రెట్టింపవుతుంది. మగపిల్లలకు ప్రత్యేకంగా చెప్తున్నాను. వారానికి ఒక పూట వంట మీరు చెయ్యండి. మొదట రుచి కుదరకపోయినా ఇంట్లోవాళ్ళు తింటారు.

ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా, 61 రోజులు, తూర్పు తీరమంతా మరపడవలు వేటకు పోవు. చేపలు గుడ్లు పెట్టే కాలమని ఆ నిషేధం. ఆ రోజుల్లో వంజరం దొరకలేదని విసుక్కునే ముందు, పాలెంలో ఆ రెండు నెలలు ఎట్లా గడుస్తాయో ఒక్క ఆదివారం మాట్లాడుకోండి. వలలు అల్లుకోవడం, పడవలకు మరమ్మతులు, అప్పులు, ఉప్పుచేపల డబ్బాలు. మనం తినే కూడు ఎవరి చేతుల మీదుగా వస్తోందో పిల్లలకు తెలియాలి.

మైపాడు బీచికి మీరంతా వెళ్ళే ఉంటారు. సముద్రానికి చేరేలోపు ఒక కాలువ దాటుతారు. అది బకింగ్‌హామ్ కాలువ. పెదగంజాం నుంచి మద్రాసు దాకా, అక్కడి నుంచి ఇంకా దక్షిణానికి తీరం వెంట సాగుతుంది. 1876–78 నాటి పెద్ద కరువులో మద్రాసులో దాని ఒక భాగాన్ని కరువు పనుల కింద ఆకలిగొన్న జనం చేత తవ్వించారు. అప్పటి గవర్నరు బకింగ్‌హామ్ డ్యూక్ పేరు దానికి నిలిచింది. రైలూ లారీలూ సరుకు రవాణా అందుకునే దాకా ధాన్యం, ఉప్పు, కట్టెలు పడవల మీద దీనిలోనే మద్రాసు చేరేవి. 2004 డిసెంబరు 26న, అది కూడా ఆదివారమే, సునామీ వచ్చినప్పుడు సముద్రం నుంచి మీదికొచ్చిన నీరు ఈ కాలువలో నిండి, తర్వాత వెనక్కి మళ్ళిందని, పెదగంజాం నుంచి చెన్నై దాకా ఎన్నో ప్రాణాలు దాని వల్ల దక్కాయని పరిశీలించినవాళ్ళు రాశారు. అప్పటికి నూటపాతికేళ్ళ కింద కరువు బాధితులు మోసిన మట్టి అట్లా పనికొచ్చింది. ఇంత సంగతి ఉన్న కాలువను మనం కారు అద్దంలోంచి కూడా చూడకుండా దాటేస్తున్నాం. ఈసారి వంతెన మీద ఆగండి. బండిలో తాతయ్య ఉంటే ఆయన్ని అడగండి. పడవ మీద ధాన్యం పోవడం ఆయన కళ్ళతో చూసి ఉండవచ్చు. 1989 నవంబరులో కావలి దగ్గర తీరం దాటిన తుఫాను రాత్రి ఇంట్లోవాళ్ళు ఎక్కడ తలదాచుకున్నారో కూడా అడగండి. ఆ జ్ఞాపకాలు ఏ పుస్తకంలోనూ లేవు. వాళ్ళతోనే పోతాయి.

ఇంకెన్నో ఉన్నాయి. 2022లో తిరుపతి జిల్లాలో చేరిన నేలపట్టులో గూడబాతులు గూళ్ళు కట్టే చెరువు నీళ్ళు పైరుకు బలమని ఆ ఊరి రైతులు తరతరాలుగా ఎరుగుదురు. మన జిల్లా పేరు మోసే ఆవులు సముద్రం దాటి బ్రెజిల్ పశువుల మందల్లో సింహభాగమయ్యాయి. ఒక్కొక్క వారానికి ఒక్కొక్కటి సరిపోతుంది.

నెల్లూరు ఇంట వారపు అలవాటు కొత్తదేమీ కాదు. జమీన్ రైతు వారపత్రిక వెంకటగిరి జమీందారీ రైతుల పోరాట కాలం నుంచి వస్తోంది. ఇంట్లో ఒకరు చదువుతుంటే చదువురానివాళ్ళు చుట్టూ చేరి వినేవాళ్ళు. ఇంట్లో చదువు కూడా కొత్తది కాదు. చిన్నతనంలోనే పెళ్ళయి బడికి దూరమైన పొణకా కనకమ్మ ఇంట్లోనే తెలుగు, సంస్కృతం, హిందీ నేర్చుకున్నారు. ఆ కనకమ్మే 1923లో నెల్లూరులో ఆడపిల్లల కోసం కస్తూరిదేవి విద్యాలయం స్థాపించారు. ఆమె ఆత్మకథ కనకపుష్యరాగం మీ గ్రంథాలయంలో ఉంటే తీసుకుని చదవండి, లేకపోతే తెప్పించమని అడగండి.

ఒక కష్టమైన మాట కూడా చెప్పాలి. దూబగుంట ఆడవాళ్ళు మూయించిన కొట్టు ఇప్పుడు ఫోనులో తెరుచుకుంది. బెట్టింగ్ యాప్‌లు, నిమిషాల్లో అప్పిచ్చే లోన్ యాప్‌లు కొన్ని ఇళ్ళను అదే దారి పట్టిస్తున్నాయి. మునుపు సారా కొట్టు వీధిలో అందరికీ కనిపించేది. ఇది పక్క మంచం మీద పడుకున్నవాళ్ళకు కూడా తెలియదు. అందుకే వారానికొకసారి ఇంటి లెక్కలు ఇంట్లో అందరి ముందూ చూసుకోండి. ఎంత వచ్చింది, ఎంత పోయింది, దేనికి పోయింది. మొదటి జీతం అందుకున్న నెల నుంచే మొదలుపెట్టండి. పెళ్ళయ్యాక భార్యాభర్తలిద్దరూ ఒకే పుస్తకంలో రాయండి. అప్పు చేసినవాళ్ళుంటే తిట్టకుండా వినండి. తిడతారన్న భయంతో దాచిన అప్పే ప్రాణాల మీదికి తెస్తుంది.

మీలో సగంమంది చెన్నై, బెంగళూరు, హైదరాబాదు వెళ్తారు. కొందరు కువైట్, టెక్సాస్ దాకా వెళ్తారు. ఆదివారం ఇంటికి వీడియో కాల్ చేస్తారు. "తిన్న్యావా?" "తిన్నా." "ఎట్టుండావు?" "బాగుండా." అంతటితో మాటలు అయిపోతాయి. ఇద్దరికీ ప్రేమ ఉంటుంది, చెప్పుకోవడానికి సంగతి ఉండదు. వారమంతా మీరు చూసిన ఒక కొత్త చెట్టు, తిన్న ఒక కొత్త కూర, నేర్చుకున్న ఒక పని ఆ రోజుకు దాచి పెట్టుకోండి. అవతల నుంచి అవ్వను కూడా ఒకటి దాచి పెట్టమనండి. ఆమె దగ్గర మీకంటే ఎక్కువే ఉంటాయి.

ఇవాళ ఈ పట్టాను ఇంటికి తీసుకెళ్ళి పటం కట్టిస్తారు, మంచిదే. ఈ ఆదివారం మాత్రం చేపలు మీరే వెళ్ళి తెచ్చి, మొప్ప లేపి చూసి, పులుసు దగ్గర అమ్మ పక్కన నిలబడండి. అన్నాలయ్యాక నాయననో అవ్వనో కూర్చోబెట్టి, మీ వయసులో వాళ్ళకు ఏం చదవాలనుండేది, ఎందుకు చదవలేకపోయారు అని అడగండి. చెప్పడం పూర్తయ్యే దాకా ఫోను పక్కన పెట్టండి. వాళ్ళు చెప్పింది తేదీ వేసి ఒక నోటుబుక్కులో రాసుకోండి, మరుసటి ఆదివారానికి తర్వాతి పేజీ వదలండి.