హోటళ్ల అమ్మకం – చట్టం విడిచిన వాకిలి
(జగదల్‌పూర్‌లో రైల్వే, తపాలా ఉద్యోగుల ఎదుట చేసిన ప్రసంగ పాఠం)



కొత్తవలస – కిరందుల్ మార్గంలో ఇనుప ఖనిజపు బండ్లు నడిపే మీకు హోటళ్ల క్రయవిక్రయాల గొడవ ఎందుకని కొందరు అడుగవచ్చును. ప్రభుత్వ ఆస్తి చేతులు మారేటప్పుడు చట్టం ఎక్కడ ప్రక్కకు తప్పుకొనునో హోటళ్ల విషయంలో బాగా కనబడుతున్నది. అందుకే ఈ ప్రస్తావన.

1969 నాటి ఎం.ఆర్.టి.పి. చట్టం క్రింద పెద్ద సంస్థల విలీనానికి ప్రభుత్వ అనుమతి కావలసి యుండెను. 1991లో ఆ నిబంధనలను తొలగించారు. 2002లో కాంపిటీషన్ చట్టం వచ్చినది గాని, ముందస్తు నోటీసుకు సంబంధించిన 5, 6 సెక్షన్లు 2011 జూన్ 1 వరకు అమలులోకి రాలేదు. నడుమ ఇరవై ఏండ్లు వాకిటికి కాపలా లేదు. ఈ రాష్ట్రంలోనే కోర్బాలోని బాల్కోలో 51 శాతం వాటాను 2001లో రూ. 551.5 కోట్లకు అమ్మినప్పుడు కార్మికులు 67 రోజులు సమ్మె చేశారు. 2002లో బొంబాయి విమానాశ్రయం వద్దనున్న ప్రభుత్వ సెంటార్ హోటలు రూ. 83 కోట్లకు అమ్ముడుపోయి, కొద్ది నెలలలోనే రూ. 115 కోట్లకు మరొకరి చేతికి పోయినది.

ఇప్పుడు కాపలా ఉన్నది. కాని 2024 నిబంధనల ప్రకారం, కొనబడే సంస్థ ఆస్తులు రూ. 450 కోట్లు మించకున్నను, లేదా టర్నోవరు రూ. 1,250 కోట్లు మించకున్నను నోటీసు అక్కరలేదు. ఆ ‘లేదా’ను గమనించండి. ఒక్క హోటలు ఏడాదికి 1,250 కోట్ల వ్యాపారం ఎక్కడ చేయగలదు? పైగా 2017 నుండి, పెద్ద సంస్థ తన హోటళ్లలో ఒకటి అమ్మినచో లెక్కకు వచ్చేది ఆ ఒక్కటే. ఆస్తి విలువ యనగా తరుగుదల పోను ఖాతా పుస్తకాలలో మిగిలిన అంకె. పాత స్థలాలకు ఆ అంకె ఎంత చిన్నదో మన అకౌంట్సు శాఖవారికి తెలియనిది కాదు. చెల్లించే ధర రూ. 2,000 కోట్లు దాటితే ఈ మినహాయింపు వర్తించదని 2024 సెప్టెంబరు 10 నుండి నియమం వచ్చినది. ఆ ధర పలికే హోటళ్లు దేశంలో ఎన్ని?

అమెరికా 1996లో ఇంకొక అడుగు ముందుకు వేసి, హోటళ్ల కొనుగోలునే ముందస్తు నోటీసు నుండి మినహాయించినది. జూదశాల ఉన్న హోటలుకు మాత్రం మినహాయింపు లేదు. జూదపు బల్లకున్న గౌరవం వంటవానికి లేకపోయెను!

ఇందులో న్యాయమే లేదని నేననను. ఊరిలో పది హోటళ్లుండగా ఒకటి చేతులు మారినంత మాత్రాన గది అద్దె పెరగదు. పోటీ ఒక్కటే కొలబద్ద అయినప్పుడు ఈ మినహాయింపు సరియైనదే. ఆ కొలబద్దే మనకు చాలదు. కమిషన్ పరిశీలించవలసిన అంశాలను చెప్పే 20(4) ఉపసెక్షన్‌లో ఉద్యోగాల మాట లేదు. ఇక్కడికి దగ్గరలోని నగర్‌నార్ ఉక్కు కర్మాగారాన్ని విడదీసి అమ్ముటకు 2020లో కేంద్రం ఆమోదం తెలిపినది; 2022లో విడదీశారు. అంతటి కర్మాగారపు అమ్మకం కమిషన్ ముందుకు వెళ్లినను, అక్కడ కార్మికుడు లెక్కలోనికి రాడు. దక్షిణాఫ్రికా 1998 చట్టం అట్లు కాదు: ఉపాధిపై పడే ప్రభావాన్ని చూడవలెను, నోటీసు ప్రతిని కార్మిక సంఘానికి అందజేయవలెను. మనం కోరవలసినది అదియే. చట్టపు మినహాయింపు పొందిన అమ్మకాలలో సైతం సంఘానికి నోటీసు ఉండవలెను.

ప్రతి శాఖ తన పరిధిలోని రిటైరింగ్ రూములు, క్యాంటీన్లు, హాలిడే హోముల జాబితా వ్రాయవలెను. ఏది ఎవరికి లీజుకు ఇవ్వబడినది, గడువు ఎప్పుడు ముగియును, అందులో ఎందరు పనిచేయుచున్నారు, కాంట్రాక్టు వారెందరు – ఈ వివరములు మాకు పంపండి. కాంట్రాక్టు వారి సంఖ్య మరువవద్దు.