సోలాపూర్ రోడ్డు మీద షెర్మన్ ట్యాంకులు

సోలాపూర్ తూర్పు భాగంలో, మన పద్మశాలీల వాడల్లో, మగ్గం దిగిన కుర్రాళ్లు కంప్యూటర్ ముందు కూర్చుని ట్యాంకుల ఆట ఆడుతుంటే ఆశ్చర్యం లేదు. ‘వరల్డ్ ఆఫ్ ట్యాంక్స్’ అనే ఆట 2010లో రష్యాలో మొదలై, మరుసటేడు ప్రపంచమంతా పాకింది. అందులో జట్టుకు పదిహేను ట్యాంకులు. షెర్మన్, స్టువర్ట్ అనే అమెరికన్ ట్యాంకులూ ఉంటాయి.

అసలు విశేషం ఏమిటంటే, ఆ రెండు రకాలూ మన ఊరి రోడ్డు మీదే యుద్ధానికి కదిలాయి! 1948 సెప్టెంబర్ 13న మేజర్ జనరల్ జె.ఎన్. చౌధురి నాయకత్వంలో భారత సైన్యం ప్రధాన దళం సోలాపూర్ వైపు నుంచే హైదరాబాద్ సంస్థానంలోకి ప్రవేశించింది. మొదటి రోజే నల్‌దుర్గ్ కోట చేజిక్కింది. 18న నిజాం సేనాని ఎల్ ఎద్రూస్ లొంగిపోయాడు.

పేర్ల వెనక ఒక తమాషా ఉంది. అమెరికా అంతర్యుద్ధంలో షెర్మన్, స్టువర్ట్ ఎదురెదురు పక్షాల సేనానులు. వాళ్ల పేర్లున్న ట్యాంకులు ఇక్కడ ఒకే దండులో నడిచాయి.

మరో మాట. నిజాం సైన్యంలోని హైదరాబాద్ లాన్సర్స్ దళంలో అధికారిగా ఉన్న ఎ.బి. తారాపూర్, సంస్థానం భారత్‌లో విలీనమయ్యాక పూనా హార్స్‌లో చేరారు. 1965 భారత్-పాక్ యుద్ధంలో సెంచూరియన్ ట్యాంకులతో సియాల్‌కోట్ రంగంలో పోరాడి అమరుడై, పరమవీరచక్ర పొందారు. ఆ సెంచూరియన్ కూడా ఆటలో ఉంది.