తెలియనితనానికి ధర: కారు రిపేరు, స్త్రీలు, వినియోగదారుల హక్కులు
(మహిళా కార్యకర్తల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



ఈ విషయం మీద మాట్లాడతానన్నప్పుడు కొందరు మిత్రులు నవ్వారు. "కట్నం చావులు, కూలి రేట్లు, భూమి పట్టాలు, ఇన్ని సమస్యలుండగా కార్ల రిపేరు గురించా?" అన్నారు. కార్లున్న ఆడవాళ్ల బాధ ఉద్యమానికి బాధ ఎట్లా అవుతుందన్నది వాళ్ల ప్రశ్న. సబబైన ప్రశ్నే. జవాబు చెప్పేముందు నా అనుభవం ఒకటి చెబుతాను.

రెండేళ్ల క్రితం ఎండాకాలంలో నా కారులో ఏసీ ఆగిపోయింది. షోరూమువాళ్ల సర్వీసు సెంటరుకు తీసుకువెళ్లాను. గాజు గోడలు, సోఫాలు, అడక్కుండానే కాఫీ. కౌంటరు దగ్గరున్న అబ్బాయి అడిగిన మొదటి మాట: "సార్ రాలేదా మేడమ్?" కారు నాదేనని, నేనే నడుపుతానని చెప్పాను. గంట తర్వాత ఎస్టిమేట్ కాగితం చేతిలో పెట్టాడు. కంప్రెసర్ మార్చాలట. దాంతోపాటు ఇంజిన్ లోపల శుభ్రం చేయడం, బండి అడుగున కోటింగ్, ఏసీలో క్రిములు చంపే మందు. అన్నీ కలిపి 34 వేలు. చెడిపోయిందేదో చూపించమన్నాను. "కస్టమర్లను లోపలికి రానివ్వం మేడమ్. సార్‌కి ఫోన్ కలపండి, ఆయనకి ఎక్స్‌ప్లెయిన్ చేస్తాను" అన్నాడు. ఇరవై ఏళ్లుగా పాఠాలు చెబుతున్న నాకు అర్థంకానిది, అక్కడ లేని మగవాడికి ఫోనులో అర్థమవుతుందని అతని నమ్మకం!

కారు తిప్పుకుని మలక్‌పేటలో ఒక మెకానిక్ షెడ్డుకు వెళ్లాను. మేస్త్రీ బానెట్ ఎత్తి, బల్బు వైరు పెట్టి చూశాడు. "కంప్రెసర్ మంచిగనే ఉందమ్మా, రిలే పోయింది" అంటూ చిన్న నల్ల డబ్బీ పీకి నా చేతిలో పెట్టాడు. కూలితో కలిపి 700 రూపాయలు.

ఒక్క అనుభవంతో సూత్రీకరణ చేయకూడదని మా సామాజిక శాస్త్రం చెబుతుంది. కనుక కాస్త పరిశోధన వైపు చూద్దాం. అమెరికాలో నార్త్‌వెస్టర్న్ విశ్వవిద్యాలయ పరిశోధకులు 2013లో ఒక అధ్యయనం వెలువరించారు. స్త్రీల చేత, పురుషుల చేత రిపేరు షాపులకు ఫోన్లు చేయించి, ఒకే కారుకు రేడియేటర్ మార్చడానికి ఎంతవుతుందని అడిగించారు. "ధర ఎంతో మాకు తెలియదు" అన్నప్పుడు స్త్రీలకు ఎక్కువ ధర చెప్పారు. "ఇంత అవుతుందని విన్నాను" అని ఒక అంకె చెప్పగానే ఆ తేడా మాయమైంది. ఇంకో విశేషం: తగ్గించమని అడిగినప్పుడు పురుషులకంటే స్త్రీలకే ఎక్కువసార్లు తగ్గించారు.

దీని అర్థమేమిటి? ఆడదానికి తెలియదన్న ఊహ మీద ధర నిర్ణయమవుతోంది. తెలుసన్న సూచన ఇవ్వగానే ఆ ఊహ కూలిపోతోంది. ఈ తెలియనితనం పుట్టుకతో వచ్చింది కాదు. అన్నకు స్క్రూడ్రైవరు, చెల్లికి గరిటె ఇచ్చిన పెంపకం నుంచి వచ్చింది. పితృస్వామ్యం మనకు నేర్పకుండా ఉంచినదానికి మార్కెట్ మన దగ్గరే రుసుము వసూలు చేస్తోంది.

అయితే ఇది స్త్రీల సమస్య మాత్రమే అనుకుంటే పొరపాటు. జ్ఞానాన్ని తాళం వేసి దాచడం ఈ వ్యాపారం పునాదిలోనే ఉంది. 2011లో షంషేర్ కటారియా అనే వినియోగదారుడు కాంపిటీషన్ కమిషన్‌కు ఫిర్యాదు చేశాడు. విచారణ తర్వాత 2014 ఆగస్టు 25న కమిషన్ 14 కార్ల కంపెనీల మీద మొత్తం సుమారు 2,545 కోట్ల రూపాయల జరిమానా విధించింది. అసలు స్పేర్ పార్టులను, లోపం కనిపెట్టే పరికరాలను, రిపేరు సమాచారాన్ని బయటి మెకానిక్‌లకు అందనీయకుండా చేసి కంపెనీలు పోటీని చంపేస్తున్నాయని తేల్చింది. వాటిని బయట కూడా అందుబాటులో ఉంచాలని, బయట రిపేరు చేయించినంత మాత్రాన వారంటీ మొత్తం రద్దవుతుందనే షరతు పెట్టకూడదని ఆదేశించింది. కంపెనీలు అప్పీళ్లకు వెళ్లాయి, జరిమానాల మీద వివాదం ఏళ్ల తరబడి సాగింది. కానీ "బయట ముట్టుకుంటే వారంటీ పోతుంది" అన్న బెదిరింపు ఎటువంటిదో ఆ ఉత్తర్వు బయటపెట్టింది.

షోరూము బిల్లు ఎందుకు పెరుగుతుంది? గాజు గోడల అద్దె, కాఫీ ఖర్చు అందులోనే ఉంటాయి. కౌంటరు దగ్గరి అబ్బాయికి నెలవారీ టార్గెట్లుంటాయి. అతనూ చిరుద్యోగే, మన కోపం అతని మీద కాదు. బాగుచేయగలిగినదాన్ని కూడా మార్చేయడం అక్కడ అలవాటు. ఒకే ఫ్యాక్టరీలో తయారైన పార్టు కంపెనీ పెట్టెలో ఒక ధర, తయారీదారు సొంత పెట్టెలో తక్కువ ధర పలకడం ఈ వ్యాపారంలో మామూలే.

అట్లాగని షెడ్డును స్వర్గంగా చూపించను. అక్కడ చాలాసార్లు బిల్లుండదు. నకిలీ పార్టులు తగిలించేవాళ్లున్నారు. బడిలో ఉండాల్సిన పిల్లలు నూనె చేతులతో నట్లు బిగిస్తూ కనిపిస్తారు. ఆడమనిషి నిలబడే చోటు, వాడుకునే మరుగుదొడ్డి ఉండవు. ఎయిర్‌బ్యాగుల వంటి భద్రతా భాగాలకు, కంపెనీ తానే లోపం ఒప్పుకుని ఉచితంగా సరిచేసే వాటికి షోరూముకే వెళ్లాలి. ఎక్కడికి వెళ్లాలో నిర్ణయించుకునే హక్కు, ఆ నిర్ణయానికి కావలసిన సమాచారం పొందే హక్కు మనకుండాలన్నదే నా వాదన.

ఇప్పుడు నవ్విన మిత్రులకు జవాబు. నాకు తెలిసిన ఒక సోదరి అప్పు చేసి కారు కొని క్యాబ్ నడుపుతోంది. ఇద్దరు పిల్లలు, భర్త వదిలేశాడు. వారంటీ పోతుందన్న భయంతో ప్రతి చిన్న పనికీ షోరూముకే వెళ్లేది. ఒకసారి బండి అయిదు రోజులు అక్కడే ఆగిపోయింది. అయిదు రోజుల సంపాదన లేదు, పైగా బిల్లు. ఆ నెల కిస్తీ కోసం చెవి కమ్మలు తాకట్టు పెట్టింది. ఆమెకు కారు విలాసమా? మన సంస్థల జీపుల సంగతి కూడా ఆలోచించండి. వాటి రిపేరుకు పోయే ప్రతి రూపాయీ పల్లెలో జరగాల్సిన పని నుంచి పోతున్నదే.

ఆమెకు చట్టం తోడుంది. వాణిజ్య అవసరానికి కొన్నవారు వినియోగదారులు కారని 2019 వినియోగదారుల రక్షణ చట్టం చెబుతుంది. కానీ స్వయం ఉపాధితో బతుకుతెరువు కోసమే కొనుక్కున్నవారిని మినహాయించింది. బిల్లు ఇవ్వకపోవడాన్ని అనుచిత వ్యాపార పద్ధతిగా గుర్తించింది. మనం నివసించే జిల్లా కమిషన్‌లోనే ఫిర్యాదు చేయవచ్చు. చెల్లించిన మొత్తం 5 లక్షల లోపైతే రుసుము లేదు. వకీలు లేకుండా మనమే వాదించుకోవచ్చు. గడువు రెండేళ్లు. ముందుగా సలహాకు 1915 నంబరుంది.

కోర్టుదాకా వెళ్లకముందే చేయదగినవీ ఉన్నాయి. పని మొదలుపెట్టకముందే రాతపూర్వకంగా ఎస్టిమేట్ అడగండి. ఫోనులో "సరే" అనకండి. తీసేసిన పాత పార్టులు తిరిగి ఇవ్వమనండి. ఇంకొక చోట ధర కనుక్కోండి, ఆ అంకెను కౌంటరు దగ్గర పైకి చెప్పండి. తగ్గించమని అడగడానికి సిగ్గుపడకండి.

వీటన్నిటికంటే ముఖ్యమైనది ఇంకొకటి. ఈ పని ఒంటరిగా చేయకండి. ప్రతి సంఘంలో ఒక నోటుపుస్తకం పెట్టుకుందాం. ఎవరు, ఏ రిపేరుకు, ఎక్కడ, ఎంత ఇచ్చారో రాసుకుందాం. కూలి రేట్లు ఒకరికొకరు చెప్పుకోవడంతోనే కదా మన కూలి పోరాటాలు మొదలైంది! ఆ క్యాబ్ సోదరి ఇప్పుడు తన తోటి డ్రైవర్లతో కలిసి అట్లాంటి పుస్తకం రాస్తోంది. కిందటి నెల ఎస్టిమేట్ కాగితం చూసి, పుస్తకం తెరిచి, రెండు పద్దులు కొట్టివేయించిందట. "సార్ రాలేదా?" అని అడిగితే ఆమె ఏమందో తెలుసా? "సార్ లేడు. పుస్తకం ఉంది."