క్రొత్త భాగములు చేర్చిన పిమ్మట నిలిచిపోవు కంప్యూటరు



నేడు మీ గ్రామములలో పంచాయతీ కార్యాలయమున, సహకార సంఘమున, తుదకు పెండ్లి చిత్రములు తీయువాని యింట సహితము కంప్యూటరు కలదు. అది పాతబడినపుడు వేరొకటి కొనక, లోపలి భాగములు కొన్నింటిని మార్చి బలపరచుట వాడుక. అట్లు బలపరచిన మరునాడే యంత్రము కదలక మెదలక నిలిచిపోయినచో నేమి చేయవలెను? మా కుటుంబములో జరిగిన యొక సంగతిని చెప్పి, దీనికి సమాధానము విన్నవించెదను.

నేను సికిందరాబాదు నివాసిని. కంప్యూటరు విడిభాగములకు పేరుపొందిన చెనాయ్ ట్రేడ్ సెంటరు మా యూరి పార్కులేనులోనే యున్నది. నా మేనల్లుడు పెండ్లి చిత్రములు కూర్చి జీవించువాడు. క్రిందటి మాఘమాసమున వాడు తన పాత యంత్రమునకు మూడు వస్తువులు తెచ్చెను. ఒకటి ర్యామ్ పలక. ఇది పని జరుగునపుడు కాగితములు పరచుకొను బల్ల వంటిది. రెండవది ఎస్‌ఎస్‌డి, ఇది ధాన్యము నిలువయుంచు గాదె వంటిది. మూడవది గ్రాఫిక్స్ కార్డు. బొమ్మలను వడిగా చిత్రించుట దీని పని. మూడింటిని ఒక్క సాయంకాలముననే బిగించెను. వాని పొరపాటంతయు నిందే కలదు.

మరునాడు పని నడుమ తెరపై బొమ్మ యున్నది యున్నట్లు నిలిచిపోయెను. మౌసు త్రిప్పినను బాణపు గుర్తు కదలదు; మీటలు నొక్కినను బదులు లేదు. ఆర్పి వెలిగించిన అరగంట నడచి మరల నిలిచెను. ఒక మరమ్మతుదారుడు చూచి, “మదర్‌బోర్డు పోయినది, దానిని మార్చి, డిస్కును తుడిచి, విండోసును మరల ఎక్కించవలె”నని చెప్పెను. ఆ డిస్కులో ఒక పెండ్లి యంతయు గలదు. దానికి వేరు ప్రతి లేదు. ఆ పెండ్లిలో అక్షతలు చల్లిన పెండ్లికూతురు తాతగారు పది దినములకే స్వర్గస్థులైరి. ఆ దృశ్యము చెరిగిన నే ధనముతో తిరిగి కొనగలము? మేనల్లుడు తల్లి గొలుసు తాకట్టు పెట్టుటకు సిద్ధపడి నాయొద్దకు వచ్చెను.

“నాయనా, మొదట పెండ్లిని కాపాడుము, పిమ్మట యంత్రమును చూతము” అంటిని. పాత డిస్కును విప్పి నా కంప్యూటరునకు తగిలించి, రెండు ప్రతులు తీసి వేర్వేరు చోట్ల నుంచితిమి. ఇది మొదటి నియమము. వైద్యమునకు ముందు రోగి ప్రాణమును నిలుపవలెను గదా.

పిదప కరెంటు తీగ నూడదీసి, పెట్టె ఇనుప భాగమును చేతితో తాకి, దేహమందలి విద్యుత్తును పోగొట్టుకొని, క్రొత్త వస్తువులు మూడింటిని తీసివేసితిమి. యంత్రము పూర్వమువలెనే ఉదయము మొదలు రాత్రి వరకు నిలువక పనిచేసెను. మదర్‌బోర్డుపై మోపిన నేరము అంతటితో వీగిపోయెను.

అటుపిమ్మట ఒక్కొక్కదానినే చేర్చితిమి. మొదట ర్యామ్. మెమ్‌టెస్ట్86 అను పరీక్షను రాత్రి యంతయు నడపితిమి. ఒక్క తప్పును కానరాలేదు. ఇచ్చట నొక మాట. పాత పలకకు క్రొత్త పలకకు ఒక్కొక్కప్పుడు పొసగదు. డీడీఆర్4 జాతి పలక సాధారణముగా 1.2 వోల్టులతో పనిచేయును. అధిక వేగమునకై బయాసులో ఎక్స్‌ఎంపీ యను ఏర్పాటును పెట్టినచో తరచు 1.35 వోల్టులు కోరును. తప్పులు కనబడిన మొదట ఆ వేగమును తగ్గించి చూడవలెను. తరువాత ఎస్‌ఎస్‌డిని చేర్చి ఒక దినము నడపితిమి, లోపము లేదు. మూడవనాడు గ్రాఫిక్స్ కార్డు పెట్టగనే అరగంటలో యంత్రము నిలిచెను.

“మామా, దొంగ దొరికినాడు!” అని వాడు సంతసించెను. నేను తొందరపడక, ఆ కార్డును నా యంత్రములో పెట్టి చూపితిని. దినమంతయు చక్కగా పనిచేసెను! కార్డు నిర్దోషి. వేడిమిని కొలిచితిమి, అదియు మితముగనే యుండెను. డ్రైవరును తీసి మరల ఎక్కించితిమి, మార్పు లేదు.

కారణము మీరెరిగినదే. పొలములో నొక ట్రాన్స్‌ఫార్మరు క్రింద మోటార్లు మితముగ నున్నంతకాలము నీరు పారును. మరొక పెద్ద మోటారు తగిలించిన వోల్టేజి పడిపోయి అన్నియు మూలుగును. ఆ దోషము క్రొత్త మోటారుది కాదు. అట్లే కంప్యూటరులో ఎస్‌ఎంపీఎస్ అను పెట్టె అన్ని భాగములకు విద్యుత్తు పంచును. గ్రాఫిక్స్ కార్డు తానున్న గాడినుండి 75 వాట్ల వరకును, ఎనిమిది సూదుల తీగనుండి మరి 150 వాట్ల వరకును తీసికొనవచ్చును. మావాని పెట్టె 350 వాట్లది. ఏడేండ్లు వాడి వడలినది. ఇట్టిచో యంత్రము తనంతట ఆరిపోవుటయు, మరల మొదలగుటయు కలదు, ఒక్కొక్కప్పుడు నిలిచిపోవును. నా యంత్రములోని 650 వాట్ల పెట్టెను దానికి తగిలించి రెండు దినములు చూచితిమి. ఒక్క మారైనను నిలువలేదు. అప్పుడే క్రొత్త పెట్టె కొంటిమి. గొలుసు తాకట్టు తప్పినది. పెండ్లి చిత్రము ఆ యింటికి చేరినది. తాతగారి దృశ్యము చూచి ఇంటిల్లపాది కన్నీరు పెట్టిరట.

మా సికిందరాబాదుననే బేగంపేటలో 1897 ఆగస్టు 20వ తేదీన రొనాల్డ్ రాస్ అను వైద్యుడు మలేరియా క్రిమిని దోమ కడుపులో కనుగొనెను. అంతకుముందు వేరు జాతుల దోమలను ఎన్నింటినో కోసి చూచినను ఫలము కలుగలేదు. వానిని విడిచి, రెక్కలపై మచ్చలుగల దోమలను పరీక్షించిన పిమ్మటనే రహస్యము బయల్పడెను. 1902లో ఆయనకు నోబెల్ బహుమానము లభించెను. పెద్ద శాస్త్రమునకైనను చిన్న మరమ్మతునకైనను మార్గమొక్కటే: కానిదానిని ఒక్కొక్కటిగా త్రోసివేయుట.

కావున మీ గ్రామమున యంత్రము నిలిచినపుడు, మరమ్మతుదారుని రెండు ప్రశ్నలడుగుడు. “మా లెక్కలకు ప్రతి తీసితివా? క్రొత్తగా చేర్చినదానిని తీసి చూచితివా?” ఈ రెంటికి బదులు వచ్చువరకు మూట విప్పకుడు. క్రొత్తగా వచ్చినదానిని వెంటనే నిందింపకుడు. దానిని మోయు పాతదానికి బలమున్నదో లేదో చూడుడు.