సంచి మీద పేరు లేని బియ్యం
(రాజేంద్రనగర్‌లో కూలీల సమావేశంలో చేసిన ప్రసంగం)



మనం కూసున్న ఈ రాజేంద్రనగర్‌లనే వరి పరిశోధన సంస్థ ఉన్నది. 2025 మే 4న కేంద్ర వ్యవసాయ మంత్రి ఢిల్లీలో రెండు కొత్త వరి రకాలు ప్రకటించిన్రు. అందులో 'కమల' ఇక్కడ పుట్టిందే. మనమెరిగిన సాంబ మసూరినే తీసుకొని, గింజల సంఖ్యను అదుపు చేసే జన్యువును సవరించిన్రు. బయటి జన్యువు పెట్టలేదు. వెన్నుకు గింజలెక్కువ పడతయి, 20 రోజులు ముందే కోతకొస్తదని శాస్త్రవేత్తల మాట. నీళ్లు మిగిలితే మంచిదే. ఇది విషమని మేము అనటం లేదు. మా తగువు వేరే.

బీటీ వంకాయప్పుడు, 2010 జనవరిలో, హైదరాబాద్‌లో బహిరంగ విచారణ పెట్టిన్రు. రైతులు అరిచిన్రు, శాస్త్రవేత్తలు వాదించిన్రు. ఫిబ్రవరి 9న అప్పటి మంత్రి జైరాం రమేశ్ ఆ వంకాయను ఆపిన్రు. బయటి జన్యువు లేని ఇట్లాంటి సవరణ పంటలకైతే 2022 మార్చిలో ఆ కఠిన నిబంధనల నుంచే మినహాయింపు ఇచ్చిన్రు. మనల్ని పిలిచి అడిగే పనే లేకుండ పోయింది.

"ఇష్టముంటే తినండి, లేకుంటే మానండి" అంటరు చదువుకున్న పెద్దలు. వాళ్లు దుకాణంల ప్యాకెట్ తిప్పి చదివి కొంటరు. మనం రేషన్ వరుసల నిలబడతం. 2025 ఉగాది నుంచి మనిషికి 6 కిలోల సన్నబియ్యం ఇస్తున్రు. ఏండ్లకేండ్లు దొడ్డుబియ్యం తిన్నోళ్లం, సంతోషపడ్డం, దాచేదేముంది! కానీ తూకమేసి పోసే బియ్యానికి పేరుండదు. రేపు అందులో ఏం కలిసినా మనకు తెలిసే దారేది? కూలి డబ్బులతో వేరే బియ్యం కొనుక్కోవాల్నా?

2012లో ఉస్మానియాలో మన పిల్లలు పెద్దకూర పండుగ చేసుకుంటే దాడి చేసిన్రు. అప్పుడు మన కంచంలో ఏమున్నదో తొంగి చూసిన్రు. ఇయ్యాల మన కంచంలో ఏం పడుతున్నదని మనమే అడిగితే, మీకేం తెలుసంటరు.

2001 జూన్‌లో జహీరాబాద్ దగ్గరి అల్గోల్‌లో 'ప్రజాతీర్పు' జరిగింది. చిన్న రైతులు జ్యూరీగా కూసున్నరు. ఎక్కువమంది దళితులు, ఆదివాసీలు, అందులో ఆడవాళ్లు. కంపెనీల వాళ్లను, అధికారులను ఎదురుగ కూసోబెట్టుకొని విన్నరు. విన్నంక జన్యుమార్పిడి పంటలు వద్దన్నరు, విత్తనం మా చేతుల్ల ఉండాలన్నరు. వాళ్ల తీర్పే మనమూ ఇయ్యాలని లేదు. కానీ వాళ్లను అడిగినట్టు మనల్నీ అడగాలె.

ఇంకో మాట. కమల మన సర్కారు సంస్థదే. కానీ జన్యువును కోసే ఆ పనిముట్టు మీద విదేశాల్ల పేటెంట్లున్నయి. రైతు దాచుకున్న విత్తనం మీద రుసుము పడదని రాసివ్వమనండి, చూద్దాం.

అందుకే దరఖాస్తు రాసినం. సంచి మీద రకం పేరు రాయాలె. వద్దన్నోళ్లకు వేరే బియ్యం ఇయ్యాలె. రేషన్‌లకు రాకముందే గ్రామసభల్ల, బస్తీల్ల తెలుగుల విచారణ పెట్టాలె. కాగితం ఆ బల్ల మీదుంది. సంతకం రానోళ్లు వేలిముద్ర వెయ్యుండ్రి. చదివి వినిపించినంకనే వెయ్యుండ్రి.