ముఖకవచాలు చేసిన చిన్న కార్ఖానాలు, మన మూతికి కట్టిన రుమాలు

(కార్మికుల సర్వసభ్య సమావేశంలో సంఘం తరఫున చేసిన ప్రసంగ పాఠం)



కరోనా నాటి సంగతి ఒకటి చెబుతామంటే, అయిపోయిన కథ ఇప్పుడెందుకని కొందరు అడిగారు. బ్లోరూములో, కార్డింగులో పనిచేసేవాళ్లకు అది అయిపోయిన కథ కాదు. అక్కడికి వస్తాము.

2020 మార్చిలో ప్రపంచమంతటా ఆసుపత్రులకు మాస్కుల కరువు వచ్చింది. రోగి దగ్గితే తుంపర్లు కళ్లలో పడకుండా అడ్డుపెట్టుకునే ముఖకవచం కూడా డాక్టర్లకు, నర్సులకు దొరకలేదు. డబ్బున్న దేశాల్లోనూ ఇదే గతి. అప్పుడు ముందుకొచ్చినవాళ్లలో వైద్యంతో ఏ సంబంధమూ లేనివాళ్లున్నారు. ఎలక్ట్రానిక్ బోర్డులు, త్రీడీ ప్రింటర్లు తయారుచేసుకుని బతికే చిన్న కార్ఖానాలవాళ్లు.

త్రీడీ ప్రింటరంటే కాగితం మీద అచ్చువేసేది కాదు. ప్లాస్టిక్ తీగను వేడికి కరిగించి, పొర మీద పొర పేరుస్తూ వస్తువును తయారుచేసే యంత్రం. చెక్ దేశంలోని ప్రాగ్ నగరంలో జోసెఫ్ ప్రూషా అనే ఆయన కార్ఖానాలో ఇలాంటివి వందలకొద్దీ ఉన్నాయి. ఆ మార్చి నెలలో వాటిని ముఖకవచాల పనికి తిప్పారు. నుదుటి పట్టీ ప్రింటరు మీద తయారవుతుంది. ముందుండే అద్దంలాంటి ప్లాస్టిక్ షీటును లేజరుతో కోస్తారు. తల వెనక బిగించడానికి కాజాలున్న ఎలాస్టిక్. అంతే సరంజామా. ఎంత యంత్రమున్నా చివరికి మన నేతపని ముక్క లేకుండా అది తలకు నిలవలేదు చూడండి! నమూనాను ఆ దేశపు ఆరోగ్య శాఖకు చూపించి సరిచూసుకున్నారు. తరువాత దాన్ని దాచిపెట్టుకోలేదు, ఎవరైనా చేసుకోండని బయటపెట్టేశారు. అది చూసి ఎన్నో దేశాలలో ప్రింటరున్న ప్రతివాడూ పట్టీలు చేయడం మొదలుపెట్టాడు.

అమెరికాలో న్యూయార్కు రాష్ట్రం మార్చి 22న అత్యవసరం కాని పనిచోట్లన్నీ మూయించింది. ఆ నగరంలో లిమోర్ ఫ్రైడ్ అనే ఇంజనీరు స్థాపించిన అడాఫ్రూట్ అనే ఎలక్ట్రానిక్స్ కార్ఖానా మాత్రం అత్యవసర సేవగా నడిచింది. వైద్య పరికరాలకు కావలసిన ఎలక్ట్రానిక్ భాగాలతోపాటు ముఖకవచాలు కూడా చేసింది.

అంత దూరం ఎందుకు, మన బొంబాయిలోనే మేకర్స్ అసైలం అనే ఉమ్మడి వర్క్‌షాపు ఉండేది. వాళ్లు తమ నమూనాను ఊరూరా ఉన్న అలాంటి వర్క్‌షాపులకు పంపారు. 49 రోజుల్లో 42 ఊళ్లలో కలిపి 10 లక్షల ముఖకవచాలు తయారయ్యాయి. లాక్‌డౌనులో, ఎక్కడి సరుకు అక్కడే ఆగిపోయిన రోజుల్లో!

ఇందులో కిటుకు మనకు తెలియనిది కాదు. ప్రింటరు మీద ఒక్క పట్టీకి గంటకు పైగా పడుతుంది. అదే మౌల్డులో పోస్తే క్షణాల మీద వస్తుంది. చేతిమగ్గానికీ సాంచాకూ ఉన్న తేడా లాంటిది. అయితే మౌల్డు చెక్కించి మిషనుకెక్కించడానికి వారాలు కావాలి. ప్రింటరుకైతే సాయంత్రం కొత్త నమూనా ఇస్తే తెల్లారేసరికి కొత్త వస్తువు. జనం చచ్చిపోతున్న ఆ మొదటి వారాలను నెట్టుకొచ్చింది ఈ నెమ్మది యంత్రాలే. పెద్ద మిషన్లు వచ్చాక చాలామంది పక్కకు తప్పుకున్నారు. అందులో చిన్నతనమేమీ లేదు.

ఒకటి మాత్రం మరువకూడదు. ముఖకవచం తుంపర్లను ఆపుతుంది, గాలిని ఆపదు. కింద నుంచి, పక్కల నుంచి గాలి వస్తూనే ఉంటుంది. లోపల మాస్కు ఉండాల్సిందే.

మన బట్టల రంగం కూడా అప్పుడు ఊరుకోలేదు. ఒంటినిండా తొడుక్కునే కవరాల్ సూట్లు 2020 మొదట్లో మన దేశంలో దాదాపు తయారయ్యేవే కావు. మే నెలకు రోజుకు 4.5 లక్షలకు చేరాయని ప్రభుత్వం చెప్పింది. కుట్టినవాళ్లు గార్మెంటు కార్మికులు. గుడ్డ మంచిదైతే చాలదు. సూది దిగిన ప్రతిచోటా రంధ్రమే, రక్తం అందులోంచే లోపలికి వస్తుంది. అందుకే కుట్టు మీద వేడితో టేపు అతికించాలి. కోయంబత్తూరులోని సిట్రా అనే జౌళి పరిశోధన సంస్థలో కృత్రిమ రక్తంతో గుడ్డనూ కుట్టునూ పరీక్షించి, నిలిచినదానికే సర్టిఫికెట్ ఇచ్చారు.

ఇప్పుడు మన సంగతి. డాక్టరుకు వారం రోజులు మాస్కు లేకపోతే ప్రపంచం గగ్గోలు పెట్టింది, పెట్టాల్సిందే. మేము మాత్రం బ్లోరూములో ఏళ్ల తరబడి మూతికి చేతిరుమాలు కట్టుకునే పనిచేశాము. దూది పొడి కళ్లకు కనిపించేదానికన్నా కనిపించనిదే ఊపిరితిత్తుల్లోకి లోతుగా పోతుంది. రుమాలు దాన్ని ఆపదు. సెలవు అయి డ్యూటీకి వచ్చిన మొదటి రోజు ఛాతీ బిగుసుకుపోవడం, ఊపిరాడకపోవడం మనలో చాలామందికి అనుభవమే. దాని పేరు బిసినోసిస్. చట్టం పట్టికలో ఉన్న వృత్తివ్యాధి అది, బీడీ తాగడం వల్ల వచ్చిందని కొట్టిపారేసేది కాదు.

కరోనా రోజుల్లో మా యాజమాన్యం గేటు దగ్గరే మాస్కు ఇచ్చింది. లేనివాణ్ణి లోపలికి రానివ్వలేదు. కరోనా తగ్గింది, మాస్కులూ ఆగాయి. అడిగితే, "జబ్బు పోయింది కదా!" అన్నారు. పోయింది వాళ్లు భయపడిన జబ్బు.

పొడిని పుట్టినచోటే లాగేసే సక్షన్ గొట్టాలు బాగుచేయించడం మొదటి కోరిక. అవి పనిచేయకుండా మాస్కు ఒక్కటే ఇచ్చి చేతులు దులుపుకుంటామంటే ఒప్పుకోము. మాస్కు కూడా గుడ్డముక్క కాదు, సన్నపొడిని ఆపే ఎన్-95 రకం కావాలి, ప్రతి షిఫ్టుకు కావాలి, జీతంలో కోత లేకుండా కావాలి.

వచ్చే నెల చర్చల్లో ఇది పెడుతున్నాము. ఉత్త మాట చెబితే వాళ్లు వినరు, లెక్క కావాలి. సెలవు మర్నాడు ఛాతీ పట్టేసినవాళ్లు తేదీ, ఖాతా పేరు చీటీ మీద రాసి కమిటీకి ఇవ్వండి. రాయడం రానివాళ్లు చెప్పండి, మేము రాసుకుంటాము. మీ పేరు యాజమాన్యం దగ్గరికి పోదు.