18 గంటల చదువు, 48 గంటల చట్టం

(భిలాయి నెహ్రూ నగర్‌లో తెలుగు విద్యార్థుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



నన్ను మాట్లాడమన్న విషయం వినడానికి చిన్నదే. పనులన్నీ మీద పడి ఊపిరాడనప్పుడు మన అలవాట్లనీ ఏర్పాట్లనీ ఎలా తేలిక చేసుకోవాలి అని. దీని మీద షాపుల్లో బోలెడు పుస్తకాలున్నాయి. పొద్దున్నే అయిదింటికి లేవమంటాయి. అవి రాసినవాళ్ళ ఇళ్ళలో నైట్ షిఫ్టు చేసొచ్చి పగలు పడుకునే నాన్న ఉండడు. నాన్న పీఎఫ్ కాగితం, అమ్మ రేషన్ కార్డు, తమ్ముడి స్కాలర్‌షిప్ ఫారం అన్నీ తానే నింపాల్సిన, ఇంట్లో మొదటిసారి కాలేజీ గడప తొక్కిన పిల్ల కూడా ఉండదు. మన ఇళ్ళలో ఉంటుంది. నేను మాట్లాడేది ఆ పిల్లతోనే.

ముందు మనవాళ్ళ అలవాటు ఒకటి చెప్తాను. ఏప్రిల్ 14 వస్తే చాలాచోట్ల 18 గంటల చదువు కార్యక్రమం పెడతారు. బాబాసాహెబ్ అంతసేపు చదివేవారు కనుక మనమూ ఒకరోజు అలా కూర్చుందామని. ఏడాదికోసారి కూర్చోవడం బాగుంటుంది, నేనూ కూర్చున్నాను. కానీ దాన్నే మిగతా రోజులకు కూడా కొలతబద్దగా పెట్టుకుంటున్నారు. దాంతో పది గంటలు చదివినవాడు కూడా ఇంకో ఎనిమిది గంటలు బాకీ పడ్డట్టు పడుకుంటాడు. తెల్లారేసరికి ఆ బాకీకి వడ్డీ కూడా కలుస్తుంది.

అదే బాబాసాహెబ్ 1942 నుంచి 1946 దాకా వైస్రాయ్ కౌన్సిల్‌లో కార్మిక సభ్యుడిగా ఉన్నారు. 1934 ఫ్యాక్టరీల చట్టం ప్రకారం ఏడాది పొడవునా నడిచే ఫ్యాక్టరీల్లో వారానికి 54 గంటల పని ఉండేది. 1946 సవరణ దాన్ని 48కి దించింది. పన్నెండు గంటల్ని, పద్నాలుగు గంటల్ని ఎనిమిది చేశారని మన పోస్టర్ల మీద రాస్తుంటారు. చట్టంలో ఉన్నది 54 నుంచి 48. ఆ ఆరు గంటలు తక్కువేమీ కాదు, పెంచి చెప్పాల్సిన అవసరమూ లేదు. ఈ ఊళ్ళో ఉదయం ఆరింటికి, మధ్యాహ్నం రెండింటికి, రాత్రి పదింటికి షిఫ్టు మారుతుందంటే, మనిషి శక్తికి ఒక హద్దుందని చట్టం ఒప్పుకున్నట్టే. మరి కొలిమి దగ్గర నాన్నకున్న హద్దు పుస్తకం దగ్గర మీకెందుకు ఉండదు?

రాజ్యాంగ సభలో 1948 నవంబర్ 5న టి.టి. కృష్ణమాచారి చెప్పిన మాటలు మనం గర్వంగా చెప్పుకుంటాం. ముసాయిదా కమిటీలో ఏడుగురుంటే, ఒకరు రాజీనామా చేశారు, ఒకరు చనిపోయారు, ఒకరు అమెరికాలో ఉన్నారు, ఇంకొకరు సంస్థానాల పనుల్లో మునిగారు, ఒకరిద్దరు ఢిల్లీకి దూరంగా ఉన్నారు, చివరికి భారమంతా అంబేడ్కర్ మీదే పడిందని ఆయన అన్నారు. నాకు ఆ మాటల్లో పొగడ్త కంటే ఫిర్యాదే ఎక్కువ వినిపిస్తుంది. ఏడుగురి పని మధుమేహంతో బాధపడుతున్న ఒక్క మనిషి మీద పడింది. అది ఆయన గొప్పతనమే, కానీ మనం నకలు చెయ్యాల్సిన పద్ధతి కాదు.

నకలు చెయ్యాలనుకుంటే 1920ని చూడండి. జనవరిలో 'మూక్‌నాయక్' పెట్టారు. మార్చిలో మాణగావ్ సభ, మేలో నాగపూర్ సభ. అంత ఊపులో ఉండగా జులైలో లండన్ బయల్దేరారు. సగంలో ఆగిన చదువు పూర్తిచెయ్యడానికి పత్రికను వేరేవాళ్ళ చేతుల్లో పెట్టి వెళ్ళారు. కొన్నేళ్ళకే ఆ పత్రిక ఆగిపోయింది. దింపుకున్న పనికి నష్టం ఉంటుందని నేను దాచను. అయినా దింపుకున్నారు.

ఇక మీ సంగతి. కోచింగ్‌వాళ్ళ నోట్స్, యూట్యూబ్, నాలుగు టెలిగ్రాం గ్రూపులు, రెండు టెస్ట్ సిరీస్‌లు, వీటన్నిటినీ సర్దడానికి ఫోన్లో మరో యాప్. సబ్జెక్టుకు ఒక పుస్తకం, ఒక నోట్‌బుక్ ఉంచి మిగతావి పరీక్ష అయ్యేదాకా మూసెయ్యండి. గడియారం చూసి టైంటేబుల్ వేసుకోవద్దు, నాన్న షిఫ్టును బట్టి వేసుకోండి. ఇల్లు నిశ్శబ్దంగా ఉండాల్సిన వారానికి ఒకటి, గొంతెత్తి చదవగలిగిన వారానికి ఒకటి, రెండు చాలు. దీని గురించి ఇంతకంటే చెప్పేదేమీ లేదు.

నన్ను ఎక్కువ కలవరపెట్టేది కాగితాలు. మీలో చాలామంది టైం మేనేజ్‌మెంట్ రాక నలిగిపోవడం లేదు, కుల ధ్రువపత్రం కోసం తిరిగి నలిగిపోతున్నారు. ఇక్కడ రాష్ట్ర సీట్లకు ఎస్సీగా గుర్తించాలంటే 1950 ఆగస్టు 10 నాటికి మీ కుటుంబం ఇక్కడ ఉన్నట్టు చూపాలి. భిలాయి ఉక్కు కర్మాగారానికి సోవియట్ ఒప్పందం జరిగింది 1955లో. మొదటి కొలిమి వెలిగింది 1959లో. ఛత్తీస్‌గఢ్ రాష్ట్రం వచ్చింది 2000లో. కర్మాగారమూ లేదు, రాష్ట్రమూ లేదు, మీ తాత మాత్రం ఇక్కడ ఉండి ఉండాలి! శ్రీకాకుళం నుంచో విజయనగరం నుంచో కర్మాగారం కోసం వచ్చిన ఏ కుటుంబమూ ఆ తేదీని దాటలేదు.

1990లో సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం ముందుకు ఈ ప్రశ్న తెచ్చింది కూడా ఒక తెలుగు విద్యార్థే. మర్రి చంద్రశేఖరరావు తెనాలిలో పుట్టి, తండ్రి ఉద్యోగం వల్ల చిన్నప్పుడే బొంబాయి చేరిన ఎస్టీ కుర్రాడు. మెడికల్ సీటు కోసం కోర్టుకెళ్ళి ఓడిపోయాడు. రాష్ట్రం మారితే ఆ హోదా వెంట రాదని తీర్పు. పోనీ ఆంధ్రాకి వెళ్దామంటే, 371-డి కింద వచ్చిన 1974 ఉత్తర్వుల ప్రకారం 85 శాతం సీట్లు స్థానికులవి. ఇక్కడ మైగ్రెంట్, అక్కడ నాన్‌లోకల్. కులం మాత్రం రెండు చోట్లా గుర్తుంటుంది, అద్దె ఇల్లు అడిగిచూడండి తెలుస్తుంది.

మిగిలింది కేంద్రం. కేంద్ర విద్యాసంస్థల్లో, ఉద్యోగాల్లో మీ సొంత రాష్ట్రపు కులం చెల్లుతుంది. నాన్నకు అక్కడ ఇచ్చిన ధ్రువపత్రం ఆధారంగా, వలస వచ్చినవారికి ప్రత్యేకించిన ఫారంలో ఇక్కడి అధికారులు మీకు పత్రం ఇవ్వొచ్చు. కనుక నాన్న పాత పత్రం మీ ఇంట్లో అన్నిటికంటే విలువైన కాగితం. దాన్నీ, మీ పత్రాన్నీ, టీసీనీ, మార్కుల మెమోల్నీ ఒకే ఫైల్లో పెట్టండి. రెండు జతల జిరాక్సులు, ఫోన్లో ఒక ఫొటో. ఆఫీసు పనికి వారంలో ఒక పూట కేటాయించండి. మిగతా రోజుల్లో ఆ ఫైలు తెరవొద్దు, దాని గురించి ఆలోచించొద్దు. అయిదుగురు కలిస్తే ఒకరు వెళ్ళి అయిదుగురి పనీ కనుక్కొని రావచ్చు. తెలుగు మాట్లాడటమే తప్ప చదవడం రాని పిల్లలు ఇక్కడ చాలామంది. నాన్న పత్రం పాతదైతే తెలుగులో ఉండొచ్చు, అప్పుడు వాళ్ళకు చదివి చెప్పేవాళ్ళు కావాలి.

ఇవన్నీ చేసినా తేలిక కానిది ఉంటుంది. 2016 జనవరి 17న రోహిత్ వేముల వెళ్ళిపోయేనాటికి ఏడు నెలల ఫెలోషిప్ డబ్బు అతనికి రావాల్సి ఉంది. ఏ టైంటేబులూ ఆ డబ్బు తెచ్చిపెట్టేది కాదు. డబ్బు ఆగినా, గైడ్ మాట్లాడటం మానేసినా, అర్ధరాత్రి ఇక బతకడం వద్దనిపించినా, అది మీ క్రమశిక్షణ లోపమనుకొని గదిలో ఒక్కరే కూర్చోవద్దు. తలుపు తీసి ఎవరినైనా లేపండి. నన్ను లేపినా సరే.

బయట బల్ల మీద ఒక రిజిస్టరు పెట్టాం. పేరు, ఏ కాగితం ఎక్కడ ఆగిందో రాయండి. హిందీలో దరఖాస్తు రాయగలిగినవాళ్ళు, తెలుగు చదవగలిగినవాళ్ళు భోజనాలయ్యాక ఓ గంట ఉండిపోండి. పదిమందివైనా ఇవాళే తేలుద్దాం.

జై భీమ్.